30 మెగాహెర్ట్జ్ సందు

ఇంజినీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలున్న వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ఏ సాఫ్ట్‌వేర్ నేర్పిస్తే మంచిది? పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు ఊరికి వచ్చినప్పుడు గుడి బయట చెప్పులు విడిచే చోట కూడా ఎవరో ఒకరు ఆపి మరీ అడుగుతారు. మైక్రోవేవ్ ఫిల్టర్లు డిజైన్ చేయడం నా వృత్తి. హైదరాబాదులో చర్లపల్లి వైపు ఒక చిన్న సంస్థలో ఏళ్ల తరబడి అదే పని చేస్తున్నాను. నేనొక పేరు చెబితే అమ్మాయినో అబ్బాయినో ఆ కోర్సులో చేర్పిద్దామని వాళ్ల ఆశ. నేను మాత్రం పేరు చెప్పే ముందు ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఏ ఫిల్టర్? ఏ లోహంతో చేస్తారు? ఎవరు కోస్తారు? ఎక్కడ బిగిస్తారు? ఈ నాలుగూ తేలితే సాఫ్ట్‌వేర్ దానంతట అదే తేలుతుంది. తేలకముందే కొన్న సాఫ్ట్‌వేర్ లక్షల రూపాయలదైనా రంగు రంగుల బొమ్మలు చూపిస్తుందే తప్ప ఫిల్టర్‌ను ఇవ్వదు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే మా ప్రాంతంలోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. మా పెదనాన్న కొడుకు నందిగామ దగ్గర కేబుల్ టీవీ నడుపుతాడు. ఇప్పుడు చాలా చానళ్లు అతనికి ఫైబర్ మీదే వస్తున్నా, డాబా మీద పెద్ద డిష్‌లు ఇంకా ఉంచుకున్నాడు. ఒక రోజు సాయంత్రం ఫోన్ చేశాడు.

“చెల్లెమ్మా, బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతోంది. ఒక చానలైతే సరే అనుకుందును, ఆ డిష్ మీద వచ్చేవన్నీ అంతే. ఎల్ఎన్‌బీ మార్చాను, కేబుల్ మార్చాను. వానా లేదు, గాలీ లేదు.”

“దగ్గర్లో కొత్త టవర్ ఏమన్నా లేచిందా అన్నయ్యా?”

“కొత్తది లేదు. ఉన్నదాని మీదే ఏవో కొత్త పెట్టెలు బిగించి పోయారు.”

అక్కడే నాకు విషయం అర్థమైంది. మన దేశంలో 5జీ కోసం 2022 జూలై 26న మొదలై ఆగస్టు 1న ముగిసిన వేలంలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని కూడా టెలికాం కంపెనీలకు అమ్మారు. ఉపగ్రహాల నుంచి టీవీ చానళ్లు దిగివచ్చే సీ-బ్యాండ్ 3700 దగ్గర మొదలై 4200 దాకా ఉంటుంది. రెండింటి మధ్య మిగిలిన ఖాళీ 30 మెగాహెర్ట్జ్. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర అది ఒక శాతం కూడా కాదు.

ఖాళీ ఉంది కదా, ఎవరి దారిన వాళ్లు పోవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కు ఎల్ఎన్‌బీలో ఉంది. డిష్ ముందు వేలాడే ఆ చిన్న పెట్టెలో అతి సున్నితమైన యాంప్లిఫయర్ ఉంటుంది. భూమధ్యరేఖ పైన దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే ఉపగ్రహ సంకేతాన్ని పట్టుకుని పెంచడం దాని పని. పాత ఎల్ఎన్‌బీలు చాలావాటిని 3400 నుంచి 4200 వరకు దేన్నయినా లోపలికి రానిచ్చేలా తయారు చేశారు. అప్పట్లో ఆ కింది భాగంలో గొడవ చేసేవాళ్లు లేరు. ఇప్పుడు అర కిలోమీటరు దూరంలో 5జీ టవర్ ఉంటే, డిష్ దాని వైపు చూడకపోయినా సరే, పక్కనుంచి చొరబడే ఆ తరంగం ఉపగ్రహ సంకేతం కన్నా లక్షల రెట్లు బలంగా ఉంటుంది. యాంప్లిఫయర్ ఆ బలానికి ఉక్కిరిబిక్కిరై తన శక్తంతా దాన్ని పెంచడానికే ఖర్చు చేసేస్తుంది. అసలు పెంచాల్సినది నలిగిపోతుంది. అందుకే ఒక చానలు కాకుండా అన్నీ ఒకేసారి పగిలాయి.

ఎల్ఎన్‌బీ తర్వాత, ఇంట్లో సెట్‌టాప్ దగ్గర, ఏ ఫిల్టర్ పెట్టినా దీనికి మందు లేదు. అప్పటికే సంకేతం పాడైపోయింది. 3700 నుంచి 4200 వరకు మాత్రమే వదిలి మిగిలినదాన్ని వెనక్కి కొట్టే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ ఒకటి, డిష్ నుంచి తరంగాన్ని అందుకునే ఫీడ్ హార్న్‌కూ ఎల్ఎన్‌బీకీ నడుమ ఉండాలి. ఎక్కడ బిగిస్తారన్న నా నాలుగో ప్రశ్నకు ఇది జవాబు. ఈ ఒక్క జవాబే మిగతా మూడింటినీ లాక్కొస్తుంది.

ఎలాగంటే, ఎల్ఎన్‌బీకి ముందు పెట్టే వస్తువులో జరిగే ప్రతి చిన్న నష్టమూ నేరుగా రొదగా మారుతుంది. రొదను మా వాళ్లు కెల్విన్లలో కొలుస్తారు. మంచి సీ-బ్యాండ్ ఎల్ఎన్‌బీ సొంత రొద 15 నుంచి 20 కెల్విన్లు. దాని ముందు అర డెసిబెల్ (డీబీ) నష్టమున్న ఫిల్టర్ పెడితే మామూలు వేడిలో దాదాపు 35 కెల్విన్లు అదనంగా చేరతాయి. అంటే మంచి ఎల్ఎన్‌బీ కొన్న ప్రయోజనం పోయినట్టే. సర్క్యూట్ బోర్డు మీద రాగి గీతలతో చేసే ఫిల్టర్ చవక, చిన్నది. కానీ ఇంత నిటారు అంచు కావాలంటే దానిలో నష్టం రెండు డీబీల పైమాటే. రెండు డీబీలంటే 170 కెల్విన్లు. ఇక ఉపగ్రహం వినపడదు. కాబట్టి బోర్డు ఫిల్టర్ కుదరదు. లోపల గాలి తప్ప మరేమీ లేని లోహపు గొట్టం, అంటే వేవ్‌గైడ్, కావాలి. అందులో నడిమధ్యన నష్టం 0.1 డీబీ పరిసరాల్లో ఉంటుంది. అంచుల్లో ఇంకాస్త ఎక్కువ. దీంతో బోర్డు మీద గీతల కోసం తయారైన సాఫ్ట్‌వేర్లన్నీ, ఎంత గొప్పవైనా, నా బల్ల మీద నుంచి దిగిపోయాయి. పేర్లు చూడకుండానే సగం ఎంపిక అయిపోయింది.

ఇప్పుడు ఆ గొట్టంలో ఏముంటుందో చెబుతాను. సీ-బ్యాండ్ డిష్‌లకు వాడే వేవ్‌గైడ్‌ను డబ్ల్యూఆర్-229 అంటారు. లోపలి కొలత 58.17 మిల్లీమీటర్లు వెడల్పు, 29.08 ఎత్తు. గొట్టానికి అడ్డంగా, మధ్యలో సందు వదిలిన పలకలు కొంత దూరానికి ఒకటి పెడితే అది వరుస గదుల ఇల్లులా తయారవుతుంది. ప్రతి గదికీ తన పొడవును బట్టి ఇష్టమైన ఫ్రీక్వెన్సీ ఒకటి ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర తరంగం గదిలో బలపడి, పలకలోని సందు గుండా పక్క గదికి, అక్కడినుంచి ఆ పక్కదానికి చేరుతుంది. ఇష్టం లేని ఫ్రీక్వెన్సీ మొదటి పలక దగ్గరే వెనుదిరుగుతుంది. మన పట్టీకి నడిమధ్యన, 3942 మెగాహెర్ట్జ్ దగ్గర, ఈ గొట్టంలో తరంగం పొడవు సుమారు 100 మిల్లీమీటర్లు. గది అందులో సగం, అంటే అయిదు సెంటీమీటర్లు. సందుల ప్రభావం వల్ల నిజానికి అంతకన్నా కురచగా వస్తుంది. గది పొడవు ఫ్రీక్వెన్సీని నిర్ణయిస్తుంది, సందు వెడల్పు పట్టీ వెడల్పును నిర్ణయిస్తుంది. మొత్తం కళ ఈ రెండు కొలతల్లోనే ఉంది.

వీటిని లెక్కించడానికి కంప్యూటర్ అక్కర్లేని రోజులున్నాయి. వరుస గదుల ఫిల్టర్‌కు వాడుకోదగ్గ సూత్రాలను సేమూర్ కోన్ 1957లోనే అచ్చువేశారు. 1964లో మథాయ్, యంగ్, జోన్స్ ముగ్గురూ కలిసి రాసిన వెయ్యి పేజీల పుస్తకం స్లైడ్ రూల్‌తో పని చేసేవాళ్ల కోసం వచ్చింది. ఈ రోజుకీ ఫిల్టర్ వాళ్ల బల్ల మీద అది ఉంటుంది. 1972లో అతియా, విలియమ్స్ ఇద్దరూ ఉపగ్రహాల ఫిల్టర్ల కోసం కప్లింగ్ మ్యాట్రిక్స్ అనే పద్ధతి తెచ్చారు. ఏ గది ఏ గదితో ఎంత గట్టిగా మాట్లాడాలో సంఖ్యల పట్టికగా రాసుకోవడం అది. ఈ పట్టిక రాయడం వచ్చినవాళ్లకు ఏ సాఫ్ట్‌వేర్ అయినా చేతికింద పనివాడు. రానివాళ్లకు ప్రతి సాఫ్ట్‌వేరూ యజమాని.

మా అన్నయ్య ఫిల్టర్‌కు కాగితం మీద లెక్క ఇలా వచ్చింది. సాధారణ చెబిషేవ్ ఫిల్టర్, పది గదులు, 20 డీబీ రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగే తరంగానికి కొలత) అనుకుంటే 3600 మెగాహెర్ట్జ్ దగ్గర 50 డీబీ పైగా అణచివేత దొరుకుతుంది. అది చాలు. కానీ వేలంలో అమ్మిన పట్టీ చివర, 3670 దగ్గర, 17 డీబీయే దొరుకుతుంది. అది చాలదు. పన్నెండు గదులు పెట్టినా 26 దాటదు. పైగా పది గదులంటేనే నలభై యాభై సెంటీమీటర్ల గొట్టం. డిష్ ముందు మూడు కడ్డీల మీద వేలాడే ఫీడ్ దగ్గర అంత బరువు పెడితే గాలివానకు ఫీడ్ పక్కకు వాలుతుంది, డిష్ గురి తప్పుతుంది. ఇక్కడే కప్లింగ్ మ్యాట్రిక్స్ ఆదుకుంటుంది. గదులను ఒకే వరుసలో కాకుండా మడిచి పెట్టి, పక్కపక్కన లేని రెండు గదుల మధ్య కూడా చిన్న కిటికీ తెరిస్తే రెండు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకానొక ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఆ చెరిపివేతను తెచ్చి సరిగ్గా 3670 ముందర కూర్చోబెడితే తక్కువ గదులతోనే గోడ నిటారుగా లేస్తుంది.

ఇంతవరకు జరిగినదంతా పట్టిక లెక్క. దీనికి ఏడీఎస్, మైక్రోవేవ్ ఆఫీస్ లాంటి సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. డబ్బు పెట్టలేనివాళ్లకు క్యూక్స్‌స్టూడియో ఉచితం. పైథాన్ వచ్చిన పిల్లలకు సైకిట్-ఆర్ఎఫ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. అసలు కష్టం పట్టికలోని సంఖ్యను మిల్లీమీటర్లుగా మార్చేటప్పుడు మొదలవుతుంది. ఎంత వెడల్పు కిటికీ తెరిస్తే అంత కప్లింగ్ వస్తుంది? పలక మందం రెండు మిల్లీమీటర్లయితే? మూడయితే? సూత్రాలు ఇక్కడ ఉజ్జాయింపుగానే చెబుతాయి. తరంగం గొట్టంలో నిజంగా ఎలా పారుతుందో మ్యాక్స్‌వెల్ సమీకరణాలను పరిష్కరించి చూడాలి. విద్యుదయస్కాంత సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ అంటే అదే.

వీటి పేర్లు చాలా ఉన్నాయి గానీ లోపలి పద్ధతుల్లో ముఖ్యమైనవి నాలుగే. హెచ్ఎఫ్ఎస్ఎస్ గొట్టంలోని ఖాళీని వేలకొద్దీ చిన్న చిన్న నాలుగు ముఖాల ముక్కలుగా కోసి ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర లెక్క కడుతుంది. దాన్ని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. జర్మనీలో పుట్టిన సీఎస్‌టీ, పూర్తిగా ఉచితమైన ఓపెన్ఈఎంఎస్ ఖాళీని పెట్టెలు పెట్టెలుగా విడగొట్టి, ఒక చిన్న తరంగపు ముద్దను లోపలికి విసిరి, అది క్షణక్షణం ఎలా కదులుతుందో వెంబడిస్తాయి. ఈ రకానికి మూలం 1966లో కేన్ యీ రాసిన వ్యాసం. మూడోది ఖాళీని వదిలేసి లోహపు ఉపరితలం మీద ప్రవహించే కరెంటును మాత్రమే లెక్కించే మూమెంట్ పద్ధతి.

ఈ మూడో పద్ధతి గురించి మన పిల్లలకు తప్పక చెప్పాలి. వంకర టింకర ఉపరితలాన్నయినా త్రిభుజాలుగా విడగొట్టి కరెంటును ఎలా లెక్కించాలో 1982 మే నెలలో ఒక వ్యాసం చూపించింది. దాన్ని రాసిన ముగ్గురిలో మొదటి పేరు సదాశివ ఎం. రావు. ఉస్మానియాలో ఇంజినీరింగ్, బెంగళూరు ఐఐఎస్సీలో మాస్టర్స్ చదివి, అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారాయన. డొనాల్డ్ విల్టన్, ఆలెన్ గ్లిసన్ మిగతా ఇద్దరు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ‘ఆర్‌డబ్ల్యూజీ’ అని పిలిచే ఆ పద్ధతి ఇవాళ ప్రపంచమంతటా యాంటెన్నాలను, విమానాల మీద రాడార్ ప్రతిఫలనాలను లెక్కించే ప్రోగ్రాముల గుండెకాయ. సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం గురించి మాట్లాడే మన కాలేజీల్లో, సాఫ్ట్‌వేర్ లోపలి గణితాన్ని కట్టినవాళ్లలో ఉస్మానియా విద్యార్థి ఒకరున్నారన్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది.

నాలుగోది మోడ్ మ్యాచింగ్. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో తయారయ్యే మ్యూవేవ్ విజార్డ్, ఇప్పుడు సీఎస్‌టీతో కలిసి దొరికే ఫెస్ట్‌3డీ ఈ జాతివి. గొట్టాన్ని ముక్కలు ముక్కలుగా కోయవు. దీర్ఘచతురస్రపు గొట్టంలో తరంగం ఎలా ఉంటుందో మనకు సూత్రం ముందే తెలుసు కదా! కాబట్టి వెడల్పు మారిన చోట మాత్రమే ఈ పక్క తరంగాలనూ ఆ పక్క తరంగాలనూ అతికించి సరిచూస్తాయి. ఫలితం ఏమిటంటే, ముక్కల లెక్కతో చాలాసేపు పట్టే పని కొన్ని సెకన్లలో అయిపోతుంది.

వేవ్‌గైడ్ ఫిల్టర్‌కు నా మొదటి ఓటు ఎప్పుడూ ఈ నాలుగోదానికే. ఫిల్టర్ డిజైన్ అంటే ఒకసారి లెక్కేసి చూసుకోవడం కాదు. ప్రతి గది పొడవూ, ప్రతి కిటికీ వెడల్పూ కొంచెం కొంచెం జరుపుతూ వందలసార్లు లెక్క కట్టించాలి. ఒక్కో జవాబుకు సెకన్లు పట్టే చోట మధ్యాహ్న భోజనానికి ముందే డిజైన్ ముగుస్తుంది. ఒక్కో జవాబుకు గంట పట్టే చోట మనిషి విసిగిపోయి, దొరికినదాంతో సరిపెట్టుకుంటాడు. వేగం సుఖం కోసం అనుకుంటారు గానీ, నా అనుభవంలో వేగమే నాణ్యత.

అయితే మోడ్ మ్యాచింగ్‌కు ఒక బలహీనత ఉంది. అది తెలియకపోతే మొత్తం పాడవుతుంది. దాని దృష్టిలో ప్రతి మూలా సూదిలా పదునైనది. మెషీన్ షాపులో అల్యూమినియం దిమ్మను తొలిచే కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది. ఆరు మిల్లీమీటర్ల కట్టర్ వాడితే గది నాలుగు మూలల్లోనూ మూడు మిల్లీమీటర్ల గుండ్రం మిగిలిపోతుంది. ఆ మేరకు గది చిన్నదవుతుంది, ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతుంది. అందుకే ఎవరు కోస్తారన్న ప్రశ్నను సాఫ్ట్‌వేర్ తెరవకముందే అడగమంటాను. హైదరాబాదులోని బాలానగర్‌లో పని చేయించేటప్పుడు మొదట వెళ్లి ఏ కట్టర్ పెడతారో, ఎంత లోతు దిగుతుందో మేస్త్రీని అడిగి రాసుకుని వచ్చి, ఆ గుండ్రాన్ని డిజైన్‌లోనే పెట్టాలి. గుండ్రం మూలలను లెక్కించగలదా లేదా అన్నది వేవ్‌గైడ్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న. ఆ మేస్త్రీలు చెప్పిన మాట ఎన్నో డిజైన్లను కాపాడింది. వాళ్ల పేర్లు ఏ రిపోర్టులోనూ కనిపించవు.

డిజైన్ కుదిరాక, లోహం కోతకు పంపేముందు, రెండో సాఫ్ట్‌వేర్‌తో మరొక్కసారి సరిచూడాలి. రెండోది మొదటిదానికి పూర్తిగా వేరే పద్ధతిలో లెక్క కట్టేదై ఉండాలి. ఒకే పద్ధతిలో నడిచే రెండు ప్రోగ్రాములు ఒకే తప్పు చేయవచ్చు. నేను ఈ తనిఖీకి హెచ్ఎఫ్ఎస్ఎస్ వాడతాను. అది ముక్కలను తనే చిన్నవి చేసుకుంటూ, జవాబు ఇక పెద్దగా మారడం లేదనుకున్నప్పుడు ఆగుతుంది. ఎంత మారితే ‘పెద్దగా’ అనాలో మనం చెప్పాలి. మామూలుగా అక్కడ 0.02 అని ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. 20 డీబీ రిటర్న్ లాస్ అంటే వెనక్కి వచ్చే తరంగం 0.1. అంటే కొలవబోయేదానిలో అయిదో వంతు తప్పు ఉన్నా ఫరవాలేదని మనమే అనుమతి ఇచ్చినట్టు! దాన్ని 0.005కి తగ్గించాలి. లెక్కకు పట్టే సేపు పెరుగుతుంది, మెమరీ ఎక్కువ తింటుంది. అయినా తగ్గించాలి.

మరి తరంగపు ముద్దను విసిరి వెంబడించే రకం పనికిరాదా? యాంటెన్నాకు అది బంగారం. ఫిల్టర్‌తో మాత్రం ఒక ఇబ్బంది. ఫిల్టర్ గదులు తరంగాన్ని తొందరగా వదలవు. అటూ ఇటూ ఊగుతూ చాలాసేపు లోపలే ఉంచుకుంటాయి. అది పూర్తిగా చల్లారేదాకా లెక్క ముగియదు. పట్టీ ఎంత ఇరుకైతే నిరీక్షణ అంత పొడవు. మధ్యలో ఆపేస్తే గ్రాఫులో లేని అలలు కనిపిస్తాయి. వాటిని నిజమనుకుని దిద్దడానికి కూర్చున్న కుర్రవాళ్లను చూశాను. సీఎస్‌టీలో ఫ్రీక్వెన్సీ పద్ధతి కూడా వేరేగా ఉంది. ఇరుకు ఫిల్టర్‌కు దాన్నే ఎంచుకోవాలి.

నెమ్మదైన లెక్కనూ వేగమైన లెక్కనూ జోడించి వాడుకునే దారి ఒకటి 1994లో కెనడాలోని జాన్ బాండ్లర్ చూపించారు. దాన్ని స్పేస్ మ్యాపింగ్ అంటారు. వేగంగా తేలే ముతక లెక్కతో డిజైన్ చేసి, నెమ్మదైన నాణ్యమైన లెక్కను ఒక్కసారి మాత్రం అడిగి, రెండింటి మధ్య తేడా ఎంతో తెలుసుకుని, ఆ తేడా మేరకు ముతకదాన్ని సవరించి మళ్లీ మొదలుపెట్టడం. ఇలా చేస్తే ఖరీదైన లెక్క కొద్దిసార్లే అవసరమవుతుంది. ఖరీదైన లైసెన్సును అద్దెకు తీసుకుని కొద్ది రోజులే వాడుకోగల మా వంటి చిన్న సంస్థలకు ఇది అన్నం పెట్టే పద్ధతి.

ఇంత చేసినా లోహం లోహమే. గది పొడవులో 0.05 మిల్లీమీటరు తేడా వస్తే దాని ఫ్రీక్వెన్సీ రెండు మెగాహెర్ట్జ్ పైన జరుగుతుంది. మా దగ్గర ఎండలు 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద అల్యూమినియం 65 డిగ్రీలకు చేరితే, హైదరాబాదులో ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర కొలిచిన ఫిల్టర్ ఇంకో మూడున్నర మెగాహెర్ట్జ్ కిందికి జారుతుంది. కింద ఉన్నది 5జీ! 30 మెగాహెర్ట్జ్ సందులో ఇవన్నీ కలిపి ఎంత తినేస్తాయో ముందే లెక్కేసుకుని, ఫిల్టర్ అంచును ఆ మేరకు పైన పెట్టాలి. నందిగామ ఎండ ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ముందే రాసి ఉండదు. మనం చెప్పాలి. కోతలో వచ్చే తేడాలకైతే ప్రతి గది నడినెత్తిన ఒక ట్యూనింగ్ స్క్రూ పెడతాం. స్క్రూ లోపలికి దిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ కిందికే దిగుతుంది, పైకి పోదు. అందుకే గదులను కావాలనే కాస్త కురచగా డిజైన్ చేసి, ఫిల్టర్‌ను కొలిచే నెట్‌వర్క్ అనలైజర్ ముందు కూర్చుని స్క్రూలతో కిందికి దించుకుంటాం. మడిచిన గదులతో మా వర్క్‌షాపులో తయారైన ఫిల్టర్‌ను అన్నయ్య డిష్‌కు బిగించినప్పుడు చానళ్లన్నీ తిరిగి వచ్చాయి. “ఈ ఇనప ముక్కకా నువ్వు అన్ని చదువులు చదివింది!” అని సంబరపడ్డాడు. అల్యూమినియం అన్నయ్యా అన్నాను.

పేరు పట్టుకుని వేలాడవద్దని చెప్పడానికి ఇంకొక కారణం కూడా ఉంది. పేర్ల వెనక యజమానులు మారిపోతుంటారు. హెచ్ఎఫ్ఎస్ఎస్‌ను పెంచిన ఆన్‌సాఫ్ట్‌ను 2008లో ఆన్సిస్ కొన్నది. ఆ ఆన్సిస్‌ను 2025 జూలైలో సినాప్సిస్ కొన్నది. సీఎస్‌టీ 2016లో ఫ్రాన్స్‌కు చెందిన దసో సిస్టమ్స్ చేతికి వెళ్లింది. మైక్రోవేవ్ ఆఫీస్ మొదట నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు, 2020లో కేడెన్స్‌కు మారింది. మెనూలు మారతాయి, లైసెన్సుల ధరలు మారతాయి. 1964 నాటి పుస్తకంలోని పట్టికల్లో ఒక్క అంకె కూడా మారలేదు.

అన్నయ్య కూతురు ఈసీఈ మూడో సంవత్సరం. ఫిల్టర్ బిగించిన రోజు నిచ్చెన పట్టుకున్నది తనే.

“అత్తా, ఇదంతా సరే. నా లాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ మెమరీ ఉంది, చేతిలో డబ్బు లేదు. నేను ఏది వేసుకోవాలి?”

ఆ ప్రశ్న నాకు నచ్చింది. ఉన్నదేమిటో, లేనిదేమిటో చెప్పి అడిగింది. సీ-బ్యాండ్ ఫిల్టర్ జోలికి ఇప్పుడు పోవద్దన్నాను. కొలవడానికి తన కాలేజీలో నెట్‌వర్క్ అనలైజర్ లేదు. కానీ మన ఇంజినీరింగ్ కాలేజీల మైక్రోవేవ్ ల్యాబుల్లో ఎక్స్-బ్యాండ్ బెంచీ ఉంటుంది. క్లిస్ట్రాన్‌తోనో గన్ డయోడ్‌తోనో నడిచే ఆ బెంచీని ప్రాక్టికల్ పరీక్ష రోజు తప్ప తాకరు. దాని వేవ్‌గైడ్ డబ్ల్యూఆర్-90, లోపలి కొలత 22.86, 10.16 మిల్లీమీటర్లు. అందులో 9.3 గిగాహెర్ట్జ్ దగ్గర మూడు గదుల ఫిల్టర్ చేయవచ్చు. అడ్డపలకలు కూడా వద్దు. గొట్టానికి రంధ్రాలు పొడిచి ఇత్తడి కడ్డీలు నిలబెట్టి టంకం పెడితే అవే గది గోడలు. గది పొడవు సుమారు 22 మిల్లీమీటర్లు వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఆ రంధ్రాలు పొడిచేవాళ్లకు కొదవ లేదు. పదో వంతు మిల్లీమీటరు తప్పు పోతే ఫ్రీక్వెన్సీ 20 మెగాహెర్ట్జ్ జరుగుతుంది కాబట్టి పట్టీని 200 మెగాహెర్ట్జ్ వెడల్పుగా పెట్టుకుంటే స్క్రూలతో సర్దుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, ముందు పైథాన్‌లో మూడు గదుల కప్లింగ్ మ్యాట్రిక్స్ తనే రాయాలి. మూడు గదులే కనుక చేత్తో కూడా సరిచూసుకోవచ్చు. తర్వాత ఆన్సిస్ విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే ప్రతి. దానికి పరిమాణంలో హద్దు ఉంది. ఒకేసారి మొత్తం ఫిల్టర్ పెట్టకుండా మొదట ఒక కడ్డీని, ఆ తర్వాత ఒక గదిని, ఆ పైన రెండు గదులను పెట్టి కప్లింగ్ చూసుకుంటూ పోతే హద్దుల్లోనే పని జరుగుతుంది. చివర్లో మొత్తం ఫిల్టర్‌ను ఓపెన్ఈఎంఎస్‌లో రాత్రంతా నడిపి, పైథాన్ పట్టిక గ్రాఫునూ దీని గ్రాఫునూ ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. పట్టీ 200 మెగాహెర్ట్జ్ కాబట్టి తెల్లారేసరికి చల్లారుతుంది.

“రెండూ కలవకపోతే?”

“ఎందుకు కలవలేదో కనుక్కున్నాకే ఆటోనగర్‌కు వెళ్లు. కడ్డీల వ్యాసం మాత్రం ఇప్పుడే వెళ్లి కొలుచుకుని రా. కొట్లో ఏ సైజు దొరుకుతుందో దాంతోనే డిజైన్ చెయ్యాలి.”

వాళ్ల నాన్న దగ్గర వెర్నియర్ ఉందో లేదో చూడ్డానికి లోపలికి వెళ్లింది.